ఎవరూ ఎక్కని స్టాపు

మా అత్త ఏనాడూ బస్సు కోసం ఎదురు చూసిన మనిషి కాదు. బస్సే ఆవిడ కోసం ఎదురు చూసేది. ఆ వానాకాలం రాకముందు మా కాలనీలో ఎవర్ని అడిగినా ఈ మాటే చెప్పేవారు, సగం మంది నవ్వుతూ, సగం మంది ఒళ్ళు మండి.

ఆ బస్సు నడిపేది ఆవిడ కొడుకు, అంటే మా ఆయన. పెద్దాసుపత్రి దగ్గర బయలుదేరి, మార్కెట్టు, మిల్లు దాటి, బైపాస్ మీద కాస్త దూరం వచ్చి ఎడమకు తిరిగి, మూతపడిన రాళ్ళ క్వారీ చుట్టూ మెలికలు తిరుగుతూ మా కాలనీకి ఎక్కేది. రోడ్డు చివర ఓ రేకుల షెల్టరు. అదే ఆఖరి స్టాపు. అందులో మనిషన్నవాడు నిలబడి బస్సెక్కగా నేను చూడలేదు. మా ఇళ్ళు గుట్టకి ఇవతల ఉంటే షెల్టరు అవతల ఉంది. అంత దూరం ఎవరు నడుస్తారు? బస్సు అక్కడ తిరిగి కిందికి వచ్చేటప్పుడు మా ఆయన ప్రతి గుమ్మం ముందూ ఆపి ఎక్కించుకునేవాడు. టైలరు గుమ్మం ముందు ఒక హారన్, మిల్లుకెళ్ళే అక్కాచెల్లెళ్ళ గుమ్మం ముందు రెండు. రూలు ప్రకారం అది తప్పే. అప్పట్లో బస్సులు నడిపిన కంపెనీవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు.

మా గుమ్మం ముందు మాత్రం ఇంజనే ఆపేసేవాడు. మా అత్తకి సుగరు. కుడి పాదం అడుగున మానని పుండు. రోజు విడిచి రోజు పెద్దాసుపత్రిలో కట్టు మార్పించాలి. ఆ ఆసుపత్రి లాండ్రీలోనే నా పని కాబట్టి తీసుకెళ్ళడం నా వంతు. ఆవిడ తీరుబడిగా తలుపు వేసి, తాళం పెట్టి, పెట్టిన తాళం లాగి చూసి, పక్కింటివాళ్ళకి ఓ పురమాయింపు చేసి, ఎదురింటివాళ్ళకి నాలుగు చీవాట్లు పెట్టి, అప్పుడు మెట్టు మీద కాలు పెట్టేది.

"అమ్మా, లోపల జనం గొణుక్కుంటున్నారు," అనేవాడు మా ఆయన స్టీరింగు మీద తల ఆనించి.

"గొణుక్కోనీరా, వాళ్ళ నోళ్ళేం అరిగిపోవు. నేనేమన్నా షికారుకి పోతున్నానా?"

కాలనీ అంతా ఆవిణ్ణి హెడ్డమ్మ అనేది. కొళాయి దగ్గర తగువొచ్చినా, ఎవరింట్లో గోడ లేవాలన్నా ఆవిడ మాట ఉండాల్సిందే. నాకూ ఆవిడకీ పొద్దున లేస్తే పేచీ. ఆసుపత్రి దుప్పట్లన్నీ తెల్లగా ఉతికే నా చేతి బట్ట ఆవిడ కంటికి ఎప్పుడూ మాసినట్టే ఉండేది. కానీ ఆ పాదం నా ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మాత్రం ఇద్దరమూ నోరు మెదిపేవాళ్ళం కాదు.

కట్లు కట్టే నర్సు మొహమాటం లేని మనిషి. ఆ ఎండాకాలం చివర్లో ఒక రోజు పుండు కడుగుతూ అంది, "పెద్దమ్మా, ఇది నా చేతిలో ఉన్నంతకాలం నీ కాలు నీదే. నువ్వు గనక రావడం మానేశావో, పై అంతస్తులో సర్జను గారి దగ్గరికి పోతావు. ఆయన కట్లు కట్టడు, కోస్తాడు."

"అబ్బో, భయపెడుతోందమ్మా," అంది అత్త. "నేనెక్కినన్ని గుట్టలు ఆ సర్జను కల్లో కూడా ఎక్కుండడు."

బయటికొచ్చాక మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు దాకా వదల్లేదు.

తొలి వానలు పడ్డ వారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి షెల్టరులో కూర్చున్నారు. మెడల్లో కార్డులు, చేతుల్లో పలకల్లాంటి మెషిన్లు. టైలరు వెళ్ళి ఎవరు బాబూ మీరని అడిగితే "సర్వే" అన్నారట. ఆ ముక్క టైలరు మోసుకొచ్చేసరికి అత్త తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసింది.

మా కాలనీలో ఎవరిదీ కొనుక్కున్న నేల కాదు. అంతకుముందు కాలవ గట్టున ఉండేవాళ్ళం. అక్కడికీ కార్డులు వేసుకున్నవాళ్ళు వచ్చారు. సర్వే అన్నారు, నీళ్ళ పైపులు వేస్తామన్నారు. అత్తే ముందు నడిచి ఇల్లిల్లూ చూపించింది, మనుషుల్ని లెక్క పెట్టించింది, వాళ్ళకి టీ కాచి పోసింది. పైపులు రాలేదు. కూల్చే మెషిన్లొచ్చాయి. అప్పటినుంచీ సర్వే అన్న మాట వింటే చాలు, మా వాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా చెప్పాడు. "అమ్మా, డిపోలో విన్నాను. ఈ బస్సుల కాంట్రాక్టు అయిపోతోంది. కొత్త టెండరు పిలుస్తున్నారు. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో చూసుకుని రూట్లన్నీ మళ్ళీ గీస్తారట. ఈ వారం అందర్నీ షెల్టరు దాకా నడిచి రమ్మను. నేను గుమ్మాల ముందు ఆపను."

"నీకెవరు చెప్పారు?"

"డిపో మేనేజరు."

"ఆయనకెవరు చెప్పారు?"

మా ఆయన నీళ్ళు నమిలాడు.

"పైపులన్నవాడు కూడా అచ్చం మేనేజరులాగే ఉన్నాడురా. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. మనల్ని లెక్కపెట్టినవాడు ఎవడూ మనకి మేలు చెయ్యలేదు. ఒక్క తలకాయ వాళ్ళ కంట పడకూడదు."

"అమ్మా, ఇది ఇళ్ళ సంగతి కాదు, బస్సు సంగతి..."

"బస్సు లేకపోతే నడుస్తాం. ఇల్లే లేకపోతే ఎక్కణ్ణించి నడుస్తావు?"

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఈసారి నేనూ అత్త పక్షమే. కాలవ గట్టున వంటసామాను మట్టిలోంచి ఏరుకున్నది నేనే కదా.

ఆ వారం మా కాలనీ చూసి నవ్వాలో ఏడవాలో తెలీదు. తీగల మీద బట్టలు లేవు. టైలరు బోర్డు దింపి మంచం కిందికి తోసేశాడు. పిల్లలు అరిస్తే తల్లులు నోళ్ళు మూసేవాళ్ళు. పనులకెళ్ళేవాళ్ళంతా క్వారీ గోతి వెనక, షెల్టరుకి కనపడని మలుపులో నిలబడేవాళ్ళు. మా ఆయన షెల్టరు దగ్గర ఖాళీ బస్సు తిప్పుకుని, ఆ కుర్రాళ్ళకి సలాం కొట్టి, మలుపు తిరిగాక అందర్నీ నింపుకునేవాడు. జనం బస్సులో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వుకున్నారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినట్టు నాకూ నవ్వొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆ కుర్రాళ్ళలో ఒకడు తాగడానికి నీళ్ళు వెతుక్కుంటూ గుట్ట దిగాడు. అత్త కర్ర పట్టుకుని ఎదురెళ్ళి చెంబెడు నీళ్ళిచ్చింది.

"ఇక్కడ ఎవరైనా ఉంటారా అమ్మమ్మా?"

"ఎవరుంటారు నాయనా? అన్నీ పాడుబడ్డ ఇళ్ళు. నేనొక్కదాన్నే, క్వారీ కాపలా ఉంటాను."

"బస్సెక్కరా మీరు?"

"నాకేం పని బస్సుతో? తాగు, తాగు. ఎండన పడొచ్చావు."

వాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. అత్త ఇంట్లోకొచ్చి, ఊళ్ళో పెద్ద కేసు గెలిచి వచ్చినట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ రాత్రి కాలనీ అంతా వచ్చి పొగిడి వెళ్ళారు. వారం గడిచింది, కుర్రాళ్ళు పోయారు, ఒక్క ఇటుక కూడా ఎవరూ కదపలేదు. టైలరు బోర్డు మళ్ళీ పైకెక్కింది.

టెండరు కొత్త కంపెనీకి పోయిందని, పాత డ్రైవర్లనే తీసుకుంటున్నారని మా ఆయన చెప్పినప్పుడు హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత ఒక కాగితం షెల్టరు స్తంభానికి అంటించారు. వచ్చే నెల నుంచి బస్సు బైపాస్ మీద తిన్నగా పోతుంది, క్వారీ ముక్క రద్దు, అభ్యంతరాలు ఉన్నవాళ్ళు పెద్ద హాలుకి వచ్చి చెప్పుకోవచ్చు అని అందులో ఉంది.

మేము పదిమందిమి వెళ్ళాం. స్టేజి మీద ఒక ఇంజినీరమ్మ, వెనక గోడంత మ్యాపు. అందులో మా రూటు ఎర్రగీత. పాతది పాములా వంకరలు తిరిగి ఉంది, కొత్తది తిన్నగా ఉంది. ఆవిడ చెడ్డమనిషేం కాదు, నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. వంకర తీసేస్తే మిల్లు వాళ్ళకి, ఆసుపత్రికి వచ్చేవాళ్ళకి ఎక్కువ ట్రిప్పులు వేయొచ్చట. ఎవరూ ఎక్కని స్టాపు కోసం అంత బస్సు గుట్టెక్కి దిగడం ఊరందరికీ నష్టమట.

"ఈ ఆఖరి స్టాపులో వారం మొత్తం ఒక్క మనిషి ఎక్కలేదు," అంది.

అత్త కర్ర మీద లేచి నిలబడింది. "ఉన్నామమ్మా. దాక్కున్నాం."

హాలంతా గొల్లున నవ్వింది. ఇంజినీరమ్మ నవ్వలేదు. "ఎందుకు దాక్కున్నారు?"

"లెక్కపెట్టి కూల్చేస్తారని."

"మేం బస్సులవాళ్ళం అమ్మా. ఇళ్ళు కూల్చం."

"క్రితంసారి వచ్చినవాళ్ళు పైపులవాళ్ళమన్నారు తల్లీ."

 ఇంజినీరమ్మ స్టేజి దిగి మా దగ్గరికొచ్చి కూర్చుంది. టెండరు ఖాయమైపోయిందట. కాంట్రాక్టులో లేని దారిలో బస్సు తిప్పమంటే ఓడిపోయిన కంపెనీలు మర్నాడే కోర్టుకెక్కుతాయట. "పెద్ద బస్సు ఇక రాదు. నా మనసులో ఇంకోటుంది. మీలాంటి మెలికల కాలనీలకి చిన్న వ్యాను పెట్టి బైపాస్ దాకా దింపాలని. దానికి వేరే టెండరు కావాలి. టెండరు పిలవాలంటే అక్కడ జనం ఉన్నారని చూపించాలి. వానలు తగ్గాక మళ్ళీ లెక్కకి పంపిస్తాను. ఈసారి దాక్కోకండి."

"అందాకా?"

"అందాకా బైపాస్ స్టాపు దాకా రావాలమ్మా."

అత్త చెప్పు విప్పి కట్టుకట్టిన పాదం చూపించింది. "నేనొస్తాను. ఇది రానంటోంది."

ఇంజినీరమ్మ ఆ పాదం చూసి తల దించుకుంది. 

అక్కణ్ణించి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మిల్లు అక్కాచెల్లెళ్ళు పొద్దున్నే గొడుగులేసుకుని బురదలో దిగిపోతూ మా గుమ్మం ముందు కావాలని గట్టిగా అనుకునేవాళ్ళు, "పెద్దల మాట విన్నందుకు బాగా బుద్ధొచ్చింది" అని. హెడ్డమ్మ అని పిలిచే గొంతే లేదు. కొళాయి దగ్గర తగువొస్తే వాళ్ళే కొట్టుకుని వాళ్ళే సర్దుకున్నారు. అత్త గుమ్మంలో కూర్చుని వింటూ ఉండేది, లేచి వెళ్ళేది కాదు.

కొత్త కంపెనీ మా ఆయనకి కొత్త చొక్కా ఇచ్చింది, బస్సులో నెత్తి మీద కెమెరా పెట్టింది. బస్సు ఎక్కడ ఆగినా ఆఫీసులో కనపడుతుందట. స్టాపు కాని చోట ఆపితే ఆ ట్రిప్పు డబ్బు కంపెనీకి రాదు, డ్రైవరు ఇంటికి. బైపాస్ మీద స్నేహితుడెవరో చెయ్యెత్తాడని ఆపిన ఒక డ్రైవర్ని మొదటివారమే పంపించేశారు. ఈ సంగతి మా ఆయన అన్నం ముందు కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"మంచిపని చేశారు. స్టాపులో ఎక్కాలి జనం," అంది అత్త.

మొదట్లో నెట్టుకొచ్చాం. పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టి, నా భుజం మీద చెయ్యి వేయించుకుని, కూర్చుంటూ లేస్తూ గుట్ట దింపేదాన్ని. బైపాస్ ఎక్కాక కూడా స్టాపు ఇంకా చాలా దూరం. రోడ్డు మధ్యలో దిమ్మలు, పక్కన లారీలు విసిరే నీళ్ళు. ఆసుపత్రికి వెళ్ళేసరికి సంచిలో బురదే. నర్సు కట్టు విప్పి పళ్ళు నూరేది, అరిచేది, ఆఖరికి అరవడం మానేసింది. అదే నాకు ఎక్కువ భయమేసింది.

ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున, బైపాస్ ఎక్కేసరికి అత్త పని అయిపోయింది. "ఇక నా వల్ల కాదే," అని ఒక రాయి మీద కూలబడింది. స్టాపు కనపడుతూనే ఉంది, వెళ్ళలేం. అంతలో బస్సు వచ్చింది. నేను చెయ్యెత్తాను. అత్త కూడా లేచి, నా నడుం పట్టుకుని, కర్ర పైకెత్తి ఊపింది. వైపర్లు తిరుగుతున్న అద్దంలోంచి డ్రైవరు మొహం స్పష్టంగా కనపడింది. బస్సు కాస్త నెమ్మదించింది. తర్వాత మామూలు వేగంతో ముందుకు పోయింది. స్టాపులో ఆగి ఎవరినో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

అత్త కర్ర దించి నేల మీద ఆనించింది. గొడుగు సరిచేసుకుంది.

"వాడు కాదులే. ఇంకెవరో," అంది.

"అవునత్తా. ఇంకెవరో."

తర్వాతి బస్సు కోసం ఆగుదామంటే వద్దంది. నేను లాండ్రీకి సెలవు చెప్పించి ఆవిణ్ణి మళ్ళీ గుట్టెక్కించాను.  దారిలో, మొగుడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను. ఏమని తిడతాను? ఆపి ఉంటే ఆ పూట కట్టు మారేది, మర్నాటి నుంచి పొయ్యి వెలిగేది కాదు. ఆ లెక్క నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

సాయంత్రం ఆయన వచ్చి చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడిపోయాడు, తల మీంచి నీళ్ళు కారుతున్నాయి.  ఆవిడే అంది, "ఏరా, అలా తడుస్తావేం? తల తుడుచుకుని తిను. పొద్దున్నే డ్యూటీ ఉందిగా." అంతే. చూశావా అని ఆవిడ అడగలేదు. చూశానని ఆయన చెప్పలేదు. మా ఇల్లు ఒక గదీ ఒక వరండా. ఆ మాట తప్పించుకుని తిరగడానికి ముగ్గురికీ చోటు చాలేది కాదు.

తప్పిన కట్టు మర్నాడు మార్పించాలి. నేను సంచీ, గొడుగూ సర్దుతుంటే అత్త మంచం దిగలేదు.

"నేను రాను. నా కాలు బాగానే ఉంది."

"మీ కాలు బాగుంటే నా తల ఎందుకు పగులుతోంది? లేవండి."

"గుడ్డ, మందు నర్సుని అడిగి తీసుకురా. ఇంట్లోనే కట్టుకుంటాను. ఏం, నాకు చేతుల్లేవా?"

"అత్తా, ఇంకో స్టాపులో ఎక్కుదాం, ఆటో మాట్లాడతాను..."

"ఆ బస్సు రోజూ అదే రోడ్డు మీద పోవాలి. నేను రోజూ అదే రోడ్డు మీద నిలబడాలా? వాడికి ఎన్నిసార్లు చూపించను నా మొహం?" ఆ మాట అన్నాక నోరు జారినందుకు ఆవిడకే కోపమొచ్చి, "పో, నీకు పనికి టైమవుతోంది," అని అటు తిరిగి పడుకుంది.

ఎంత బతిమాలినా, ఎంత కసిరినా కదల్లేదు. ఆవిడ మొండితనం ముందు నేనెంత. నర్సు తిట్లు నేను తిని, గుడ్డా మందూ తెచ్చేదాన్ని. విప్పి చూపించమంటే అప్పుడే కట్టేసుకున్నాననేది. మా ఆయన పడుకునే ముందు "కాలెలా ఉందమ్మా" అని అడిగితే, "నీ బస్సు కంటే బాగా నడుస్తోంది" అని జవాబు. కాలం కలిసొచ్చి నిజంగానే మానుతోందేమోనని నేనూ కాస్త ఆశపడ్డాను. ఆ తర్వాత వాసన మొదలైంది. అగరొత్తులు రెండేసి వెలిగించేది. టైలరు వచ్చి గుమ్మంలో కూర్చున్నవాడు కాసేపటికే లేచి వెళ్ళిపోయాడు.

జ్వరం వచ్చి ఒళ్ళు తెలియకుండా మాట్లాడిన రోజు మా ఆయనకి ఆఫు. టైలరు, ఆయనా కలిసి బట్టల మూటలు తోసే నాలుగు చక్రాల బండి మీద పడుకోబెట్టి గుట్ట దింపారు. మిల్లు అక్కాచెల్లెళ్ళలో పెద్దది పరుగెత్తుకొచ్చి ఒక పక్క పట్టుకుంది. ఏడుస్తూ నడిచింది. స్టాపు దాకా తీసుకెళ్ళి, స్టాపులోనే బస్సెక్కించాం.

నర్సు కట్టు విప్పింది. ఒక్క క్షణం చూసి, మళ్ళీ అలాగే కప్పేసింది. నా వైపు చూడలేదు.

"పైకి తీసుకెళ్ళండి," అంది.

మోకాలి కిందికి తీసేశారు. అత్తకి తెలివొచ్చినప్పుడు మా ఆయన మంచం పట్టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.  ఆవిడ దుప్పటి కింద ఖాళీ చోటు చేత్తో తడిమి చూసుకుంది. చాలాసేపు తడిమింది.

"ఈ దుప్పటి నువ్వుతికిందేనా?" అంది నన్ను చూసి.

"అవునత్తా."

"తెల్లగానే ఉందే."

నా పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ నోట నా ఉతుకుడికి ఆ మాట రాలేదు. వార్డు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

వానలు తగ్గాయి. ఇంజినీరమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. కాగితం ముందే అంటించారు, ఎవరు వస్తారో ఎందుకు వస్తారో అందులో రాశారు. ఆ లెక్క తర్వాత చెల్లకుండా పోయింది, అది కూడా ఇక్కడే చెప్పేస్తాను. మొదటిసారి ఒక్కరూ లేనిచోట రెండోసారి అంతమంది ఎలా పుట్టుకొచ్చారని పైవాళ్ళకి అనుమానం వచ్చిందట. జనాన్ని ఎక్కణ్ణించో పోగేసి నిలబెట్టారని రాసి పక్కన పడేశారు. వ్యాను రాలేదు. కానీ ఆ పొద్దున మాకా సంగతి తెలీదు. కాలనీ మొత్తం, నడవగలిగినవాళ్ళూ నడవలేనివాళ్ళూ, తలలు దువ్వుకుని షెల్టరు దగ్గర వరసగా నిలబడ్డారు.

ఆ రోజు అత్త తెల్లారకముందే లేచి కూర్చుంది. "నన్ను కూడా తీసుకెళ్ళండి."

"నువ్వెందుకమ్మా? ఇంటికొచ్చి రాసుకోమని చెప్తాను," అన్నాడు మా ఆయన.

"ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు లెక్కేస్తార్రా? స్టాపులో ఉన్నవాళ్ళకే లెక్క."

ఆయన ఆ రోజు సెలవు పెట్టాడు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన వెనకా టైలరు ముందూ పట్టుకుని గుట్ట దాటించి షెల్టరులో దింపారు. జనం పక్కకి జరిగి ముందు చోటిచ్చారు. ఎవరో "హెడ్డమ్మొచ్చింది" అన్నారు మెల్లగా. ఆవిడ విననట్టే ఊరుకుంది.

ఈసారి వచ్చింది ఒక అమ్మాయి. వరసలో ఒక్కొక్కళ్ళనే అడుగుతూ మెషిన్లో నొక్కుకుంటూ వచ్చింది. అత్త దగ్గరికొచ్చి, కాలు లేని చోట మడిచి పెట్టిన బట్ట వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"మీరు కూడా బస్సెక్కుతారా అమ్మమ్మా?"

"ఎందుకెక్కను? రోజూ ఎక్కుతాను."

"ఎక్కడికి?"

అత్త తడుముకుంది. ఆవిడకి వెళ్ళాల్సిన చోటంటూ ఏదీ మిగల్లేదు. పుండే లేదు, ఇక కట్టెక్కడిది? "పెద్దాసుపత్రికి," అంది ఆఖరికి. "పొద్దున పోతా, సాయంత్రం వస్తా. రాసుకో. రోజూ అని రాసుకో."

ఆ అమ్మాయి నొక్కింది. "ఒక్కరే ఎక్కగలరా? ఎవరి సాయమైనా కావాలా?"

"సాయమెందుకమ్మా? డ్రైవరుంటాడుగా. నేను చెయ్యెత్తితే చాలు, ఆపేసి దిగి వచ్చి ఎక్కిస్తాడు. చూసి కూడా పోయే రకం కాదు మా డ్రైవరు."

మా ఆయన కుర్చీ వెనకే ఉన్నాడు.  కొట్టిందో, వెనకేసుకొచ్చిందో తెలీని మాట అది. ఆ అమ్మాయి మెషిన్ చూసుకుంటూ పక్కావిడ దగ్గరికి జరిగింది. జనం కబుర్లలో పడ్డారు. మా ఆయన ముందుకొచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చూశానమ్మా," అన్నాడు. "ఆ రోజు. నిన్ను చూశాను."

"తెలుసురా," అంది అత్త. "ఎత్తు. ఇంటికి పోదాం, ఎండెక్కుతోంది."